ఇత్తడి కొస

దర్జీ అమ్మమ్మకి ఒక గర్వం ఉండేది. కుట్టుపని ఆమె తండ్రి దగ్గరే నేర్చుకుంది. సుద్దగీత వంకర పోయిందంటే ఆయన చెక్క స్కేలు వీపు విమానం మోత మోగించేది. ఆయన పోయాక ఆ స్కేలును పొయ్యిలో పెట్టి నీళ్లు కాచుకుంది. నా ఇంట్లో పిల్లల మీద కర్ర లేవదని ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు నిలబెట్టుకున్నానని, వచ్చిన ప్రతి ఆడమనిషికీ నడుము కొలుస్తూ చెప్పేది. నోటినిండా గుండుసూదులున్నా ఆ కథకు మాత్రం అడ్డొచ్చేవి కావు.

ఆ రోజు కూతురు తన పిల్లను తీసుకొచ్చింది, బడి యూనిఫాం కుట్టించడానికి. భుజం కొలుద్దామని అమ్మమ్మ మెడలోని టేపు తీసి చెయ్యెత్తింది. మనవరాలు చటుక్కున రెండు చేతులతో చెవులు మూసుకుని, తల దించి ముడుచుకుపోయింది.

అమ్మమ్మ ఎత్తిన చెయ్యి దించేసింది. స్కేలు చెవి మీద పడకుండా చిన్నప్పుడు తనూ అచ్చం అలాగే ముడుచుకునేది.

"ఏమే, దీన్ని కొడుతున్నావా?" అని కూతుర్ని నిలదీసింది.

కూతురు మిషను మీది దారపుండను అటూ ఇటూ దొర్లిస్తూ, "చేత్తో ఎప్పుడైనా ఒకటేస్తానమ్మా, అంతే. నీలా టేపు మాత్రం ఎత్తలేదు," అంది.

"టేపుతో ఒకటంటిస్తే అదీ ఓ దెబ్బేనా? గుడ్డపీలిక అది."

కూతురు జుట్టు పక్కకు తీసి చెవి వెనక మచ్చ చూపించింది. టేపు చివర ఇత్తడి బిళ్ల ఎంత వెడల్పో అంతే ఉంది. కొలతలతో బతికే మనిషికి విడమర్చి చెప్పనక్కర్లేదు.

"నా పిల్ల మీద చెయ్యి తప్ప ఇంకేదీ పడకూడదని ఒట్టు పెట్టుకున్నా. నిలబెట్టుకున్నా కూడా," అంది కూతురు. ఆ గొంతులోనూ అదే గర్వం.

అమ్మమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నేళ్లూ తను కాల్చేశానని మురిసిపోయింది ఒక చెక్కముక్కను. అంతకుమించి ఏమీ కాలలేదు. కనీసం ఈ పసిదానికైనా భయం పోగొట్టాలనుకుంది.

"నేను కొట్టను తల్లీ. చేతులు దించు," అంది. పిల్ల దించలేదు.

"దించు బంగారం, కొలత తీసుకోవాలిగా." పిల్ల ఇంకా ముడుచుకుంది.

"దించమంటున్నానా."

అమ్మమ్మ నోట్లోంచి వచ్చింది తన తండ్రి గొంతు. కూతురు దారపుండ వదిలేసి, గబుక్కున పిల్లకు అడ్డంగా వచ్చి నిలబడింది. ఆమె చూపు తల్లి చేతి మీదే ఉంది. అమ్మమ్మ కూడా అటు చూసుకుంది. టేపు రెండు మడతలుగా పిడికిట్లో బిగిసి ఉంది, ఇత్తడి కొస బయటికి వేలాడుతోంది. ఎప్పుడు మడిచిందో ఆమెకే తెలియదు.