నాలుగోనాటి తలస్నానం

కడుపు పండేందుకు నర్సక్క ఇచ్చే మందుకు ఒక్కటే షరతు. నెలసరి అయిన నాలుగోనాడు తలస్నానం చేసి, నీళ్లు కారే వెంట్రుకలతో ఆమె గడపలోకి రావాలి. అప్పుడే పొడి చేతిలో పెడుతుంది. తల ఆరబెట్టుకుని వస్తే బంగారం పోస్తానన్నా ఇవ్వదు.

"ముట్టయి తలకు పోసుకున్నదంటే కడుపు ఖాళీ అన్నట్టు. ఖాళీ కుండనైతే కడుగుతం గని, పొయ్యి మీద ఉడికే కుండను కడుగుతమానే?" అనేది.

ముప్పై ఏళ్లుగా ఆ లెక్క తప్పలేదు. మాజ్రి బొగ్గు గనుల కాలనీలో తెలుగువాళ్లే కాదు, మరాఠీ ఆడవాళ్లు కూడా ఆమె హస్తవాసి మంచిదనేవారు. గోండ్‌పిప్రి అడవిదాకా బస్సులో పోయి, తానే వేర్లు తవ్వుకొచ్చి, నీడలో ఆరబెట్టి, దంచి, గుడ్డతో జల్లించి డబ్బాలో దాచేది. ఆ వేరు పేరు మాత్రం కన్నకొడుక్కి కూడా చెప్పలేదు.

ఊరందరి కడుపులు పండించిన మనిషికి ఇంట్లో మనవడు లేడు. కొడుకు వెంకటిది గనిలో కాంట్రాక్టు పని. పని కుదురుకునేదాకా పిల్లలు వద్దని మూడేళ్లు ఆగారు. కోడలు రమ ఆ మూడేళ్లూ ఆశా కార్యకర్త ప్రతిభ ఇచ్చిన మాత్రలు మింగి, దసరాకు ముందు మానేసింది. దీపావళి దాటాక ఒకసారి నెలసరి వచ్చింది. ఆ తర్వాత ఒక నెల రాలేదు, రెండో నెలా రాలేదు.

"గోళీల వేడి లోపల పేరుకున్నది. అంతకన్న ఏం లేదు" అని నర్సక్క తేల్చేసింది. "ముట్టు రానీ, నేను కడిగి పారేస్త. ఏడు రోజులు నా మందు తిను, వచ్చే నెలకే కడుపు నిలవకపోతే నా పేరు మార్చుకుంట."

ఇక ఆ రోజు నుంచి పొద్దున్నే చాయ్ గ్లాసు అందుకుంటూ ఒకటే ప్రశ్న. "అయినవా?" రమ లేదనేది. మర్నాడు మళ్లీ అదే. నర్సక్కకు మనవడి మీద ఉన్న ఆత్రం అది. కానీ ఆ ఆత్రం తన నోటినుంచి రమ నెత్తిన ఎంత బరువుగా పడుతోందో ముసలిదానికి తోచలేదు.

ఒకరోజు ప్రతిభ వచ్చి కూర్చుంది. "కాకూ, మాత్రలు ఆపినంక కొందరికి రెండు మూడు నెలలు ఇట్లనే అయితది. కానీ కడుపు వచ్చిందేమో గూడ చూడాలె. ఒక్కసారి టెస్ట్ చేద్దాం."

నర్సక్క కయ్యిమని లేచింది. "ముట్టే సక్కగ రానిదానికి కడుపెట్లొస్తదే? నువ్విచ్చిన గోళీలతోనే గిట్లయింది. ఇంక నీ టెస్టు గూడనా? పో, పో!"

పొయ్యి దగ్గరున్న రమ లేచి ప్రతిభ వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది. నర్సక్క అది చూసింది. చూసి కూడా ఊరుకుంది.

జనవరి ఆఖరులో ఒక పొద్దున రమ చాప తీసుకుని వరండా మూలకు పోయి కూర్చుంది. "అత్తమ్మా, బయటున్న" అంది. నర్సక్క ముఖం చాటంత అయింది. ఆ మూడు రోజులూ కోడలికి వేరే పళ్లెంలో అన్నం తానే పెట్టింది, బోళ్లు తానే తోమింది. నాలుగోనాడు రమ తలస్నానం చేసి గడపలో నిలబడితే, వెంట్రుకల నీళ్లు నేలమీద టపటపా రాలాయి. నర్సక్క బెల్లంలో కలిపిన పొడిని కోడలి నాలుక మీద పెట్టింది.

"చేదుంటది బిడ్డా. ఊపిరి బిగవట్టి మింగు."

రమ మింగేసి, చంటిపిల్లలా నోరు తెరిచి చూపించింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

మందు మొదలుపెట్టిన అయిదో రోజు రక్తం కనపడింది. నర్సక్క సంబరపడింది! మురికి పోతున్నదని, మందు పట్టిందని, నల్లా దగ్గర నలుగురికీ చెప్పుకుంది.

"అత్తమ్మా, నడుము తెగిపోతున్నది" అని రమ అంటే, "ఓర్సుకో బిడ్డా, మందు పనిజేస్తున్నది" అంది.

మధ్యాహ్నందాకా ఓర్చుకుంది ఆ పిల్ల. ఆ తర్వాత బట్టలుతికే బండ పక్కన కూలబడింది. వెంకటి ఆటోలో వేసుకుని చంద్రాపూర్ ఆసుపత్రికి పరుగెత్తాడు.

డాక్టరమ్మ బయటికొచ్చి, "అడీచ్ మహినే" అంది. రెండున్నర నెలల కడుపు. నిలబడలేదు.

"తప్పు!" అని నర్సక్క అరిచింది. "వారం గూడ కాలే తలకు పోసుకొని. నా కండ్లార చూసిన."

ఏం మందు పెట్టారని డాక్టరమ్మ అడిగింది. విని, దానివల్లే పోయిందని చెప్పలేనంది, కాదని కూడా చెప్పలేనంది. నర్సక్కకు ఏదో ఒకటి తెగేసి చెప్పినా బాగుండుననిపించింది.

వెంకటి మందుల చీటీ పట్టుకుని పోయాక, మంచం మీద రమ గోడవైపు తిరిగి పడుకునే చెప్పింది. "అత్తమ్మా, నేను ముట్టు కాలే. ఉత్తగనే కూసున్న."

"ఎందుకే?"

"పొద్దుగాల లేస్తె అయినవా అని అడుగుతుంటివి. లేదని చెప్పి చెప్పి నోరెండిపోయింది. ముట్టయితేనే మందిస్తనంటివి. మందు తింటేనే బిడ్డంటివి. గందుకే మూడు రోజులు కూసుంటి, తలకు పోసుకుంటి."

దొంగముండా అనే మాట నర్సక్క నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ప్రతిభను ఇంట్లోంచి తరిమింది తానే కదా. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టని ఆ సామెత చెప్పినవాడు నవ్వుకోవడానికే చెప్పి ఉంటాడు. వీళ్లిద్దరూ కడుపులోని ఆ పిల్ల కోసమే వెతుకుతూ ఆ పిల్లకే మందు పెట్టారు. నర్సక్క మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది. రమ ఏడవలేదు.

ఇంటికొచ్చాక కూడా రమ ఏడవలేదు. కోడలికేమైందని నల్లా దగ్గర అడిగితే, "నీరసం" అని చెప్పి నర్సక్క బిందె ఎత్తుకునేది. మందు అచ్చిరాలేదని ఆమె ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్ల పేరు మరి, నోరు రాలేదు.

పన్నెండో రోజు పొద్దున పక్క లైను విద్య వచ్చింది. పెళ్లయి రెండేళ్లు. ఆమె కూడా మాత్రలు మానేసిన పిల్లే. గడపలో నిలబడి చెయ్యి చాచింది. వెంట్రుకల నీళ్లు టపటపా రాలుతున్నాయి.

"నర్సక్కా, ఇయ్యాల నాలుగోనాడు. తలకు పోసుకొని సీద ఇటే వచ్చిన."

నర్సక్క చెయ్యి అలవాటుగా డబ్బా మీదికి పోయింది. నేలమీది తడి చూసి అక్కడే ఆగింది. నల్లా దగ్గర ఆడవాళ్లు ఇటే చూస్తున్నారు. ఇచ్చేసి పంపితే ఎవరికీ ఏమీ తెలియదు.

"ఇయ్యను బిడ్డా. ప్రతిభ దగ్గర టెస్ట్ చేయించుకో. దవాఖానకు పో."

విద్య ముఖం ముడుచుకుంది. "టెస్టెందుకు? ముట్టయి తలకు పోసుకొనే వచ్చిన గదా! నా తల చూస్తలేవా?"

"చూస్తున్న" అంది నర్సక్క, నల్లాదాకా వినిపించేటంత గట్టిగా. "నా కోడలు గూడ గిట్ల తడితలతోనే వచ్చింది. నా చేత్తోనే మందు పెట్టిన. కడుపుల పిల్ల పోయింది."

లోపలి గదిలో అప్పుడు మొదటిసారి రమ ఏడుపు వినిపించింది.