పుంజున్న ఇంటి గుడ్లు

బాలత్రిపురసుందరి తన ల్యాబులో పొదుగుపెట్టె అరలను స్పిరిట్‌తో తుడిచి, అడుగున గిన్నెలో నీళ్ళు పోసి, లోపలి వేడిని అరచేత్తో చూసుకుంది. థర్మామీటరు లేకపోలేదు. కాని ఖరగ్‌పూర్ కరెంటును నమ్మి చెడిన మనిషి గనక ఆవిడకు చెయ్యే నమ్మకం.

సన్నటి మనిషి. మైక్రోస్కోపు మీద వంగీ వంగీ మెడ ముందుకు సాగిపోయింది. తండ్రి రైల్వే గుమాస్తా. ఆయన పోయాక ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టరు వదిలేసి పూరీ గేట్ దగ్గర ఒంటిగదిలోకి మారింది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు ఒక్కొక్కరే అడగటం మానేశారు. అప్పుడు హాయిగా ఉంటుందనుకుంది. ఉండలేదు.

పరిశోధనంతా ఒకే ప్రశ్న. మెదడు కణాన్ని గాజుపళ్ళెంలో ఒంటరిగా పెడితే ఎందుకు చచ్చిపోతుంది? తిండి ఉంటుంది, వేడి ఉంటుంది, అయినా ముడుచుకుపోతుంది. చుట్టూ మరికొన్ని కణాలుంటే బతుకుతుంది. అవి దానికి అందించే ప్రోటీన్ ఏమిటో ఆవిడ ఇన్నాళ్ళకు పట్టుకుంది. ఇంకొక్కసారి చేసి చూపిస్తే అచ్చువేస్తామన్నారు పత్రికవాళ్ళు. నెలాఖరుకు రిటైరవుతుంది, ల్యాబు అప్పగించాలి. గుడ్డులో మెదడు ఏర్పడటానికి ఓ వారం, కణాలు పెరగడానికి ఇంకో వారం. ఇవాళ గుడ్లు పెట్టెలోకి వెళితే వెళ్ళినట్టు, లేకపోతే ఇక లేనట్టే.

బజారు గుడ్లు పొదిగినా పిల్ల కట్టవు. పుంజున్న ఇంటివి కావాలి. అవి రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు భార్య నూకాలమ్మ దగ్గర దొరుకుతాయి. క్వార్టరు వెనక కోళ్ళు పెంచుతూ, ప్రేమ్ బజార్‌కు కూరలమ్మడానికి వస్తూ ఇచ్చిపోతుంది. బ్రాహ్మలావిడకు గుడ్లెందుకని ఎన్నడూ అడగలేదు. ఇరుగుపొరుగు చూస్తారని మొహమాటమై ఆఫీసులో తింటోందని తనే తేల్చేసుకుంది. గుడ్డులోని పిల్ల మెదడు తీస్తానని చెప్పడానికి మనసొప్పక ఈవిడా నోరు విప్పలేదు.

నూకాలమ్మ వచ్చింది. చేతిలో ఎప్పటి ఊకబుట్ట లేదు, మూత బిగించిన స్టీలు డబ్బా ఉంది.

“మొన్న దగ్గుతంటే సూసినాను మేడమ్‌గోరూ, ఎలగైపోనారో! ఇక్కడ పొయ్యి నేదు, పచ్చివే మింగేస్తన్నారు కావాల అనుకున్నాను. అందుకే ఈపాలి ఉడకెట్టి, ఒలిసి మరీ తెచ్చినాను.”

డబ్బా వెచ్చగా ఉంది. ఆవిడ మూత తీసి చూసింది.

“అన్నీ ఉడకబెట్టేశావా?”

“ఒక్కటీ దాసుకోనేదు, ఒట్టు!”

మళ్ళీ అన్ని గుడ్లు పోగవ్వాలంటే వారం పడుతుంది. అంత వ్యవధి లేదు. కసరబోయింది. నూకాలమ్మ మాత్రం గుమ్మంలోనే గొంతుక్కూర్చుని, కొంగుముడి విప్పి, ఉప్పు పొట్లం పైకి అందించింది.

“తినండి. మీరు తింటే సూసి ఎల్తాను.”

తిన్నావా అని ఈ ఊళ్ళో తనను అడిగినవాళ్ళెవరని వెతుక్కుంటే తండ్రి తరవాత ఒక్క ముఖమూ గుర్తుకు రాలేదు. బుద్ధెరిగాక గుడ్డు నోట పెట్టని మనిషి ఒకటి తీసుకుని, ఉప్పద్దుకుని, కొరికింది. నీచువాసన కొట్టింది. బలవంతాన మింగింది. కళ్ళు నిండిపోయాయి.

“ఏటమ్మా, బాగోనేదా?”

“బాగుంది నూకాలమ్మా. చాలా బాగుంది.”

రెండోది ఎవరూ చెప్పకుండానే తీసుకుంది.

మిగిలిన గుడ్లు గాజుగిన్నెలోకి మార్చి డబ్బా తిరిగి ఇచ్చింది. “ఇంక తేవద్దు. రిటైరై వాల్తేరు వెళ్ళిపోతున్నాను.”

“అక్కడెవులున్నారు మీకు?”

“చూడాలి.”

నూకాలమ్మ బయట దించిన కూరల బుట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. బాలత్రిపురసుందరి పొదుగుపెట్టె స్విచ్చి కట్టేసింది. గది ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆవిడకు ఇన్నేళ్ళూ తెలియదు. నెలాఖరుదాకా ఆగాల్సిన పనీ లేదు. మర్నాడు తాళంచెవి అప్పగించి మద్రాసు మెయిలెక్కింది. సాగనంపడానికి ఎవరూ రాలేదు.

ల్యాబులో ఖాళీ బల్లమీద, బెంగాలీ పేపరు ముక్కలో, సగం వాడిన ఉప్పు పొట్లం మడత విప్పినట్టే ఉంది.