ఎడమచేతి గిటారు, ఒంటిపన్ను అత్తగారు

ఆరో మెట్టు మెరిసింది. ఏడో మెట్టు ఇంకా మొహం మాడ్చుకునే ఉంది. పళ్ళక్క కాగితపు టేపును ఒక మెట్టు కిందికి జరిపి, చెక్కకు మరక అంటకుండా రెండు పక్కలా అంటించి, గుడ్డపీలిక వేలికి చుట్టుకుని మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది. గిటారు మెడ మీద అడ్డంగా పరిచిన సన్నటి లోహపు కమ్మీలను మెట్లు అంటారు. పేరుకే మెట్లు. ఎక్కాలన్నా దిగాలన్నా కాళ్ళు పనికిరావు, వేళ్ళే కదలాలి.

రుద్దుతున్న పాలిషు ల్యాబ్‌లోది. కట్టుడు పళ్ళకు చివరి మెరుగు పెట్టే ముద్ద. పళ్ళక్క పనిచేసేది పళ్ళ ల్యాబ్‌లో. డాక్టర్లు నోళ్ళ అచ్చులు పంపితే, ఆ అచ్చులకు సరిపడా పళ్ళు కట్టి పంపే చోటది. ఆమె కట్టిన పళ్ళతో ఊళ్ళో సగంమంది నవ్వుతారు, మిగతా సగంమంది ఆ నవ్వినవాళ్ళను చూసి పళ్ళు కొరుకుతారు. పళ్ళక్క ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు. తమ పళ్ళు ఎవరు కట్టారో నోరు తెరిచి చెప్పుకునేవాళ్ళు ఎవరుంటారు?

గిటారుకు ఎర్రటి ఒళ్ళు, అంచులకు పోయేకొద్దీ కాలిన రొట్టెలా నలుపు. పేరున్న ఒక ఎడమచేతి వాద్యకారుడి కోసం కంపెనీవాళ్ళు ప్రత్యేకంగా చేసిన మోడలు. తల మీద బంగారు రంగులో ఆయన సంతకం అచ్చేసి ఉంటుంది. మనుషుల తలరాత ఎవరికీ కనిపించదు గానీ, దీని తలరాత కొట్టు బయటినుంచే కనిపించింది. ఎడమచేతివాటం వాళ్ళకు తప్ప పనికిరాదు గనక గోడకు వేలాడి వేలాడి దుమ్ము పట్టి ఉంది. పళ్ళక్క కూడా అప్పటికి అలాగే వేలాడుతోంది. బళ్ళో ఎడమ చేతికి దెబ్బలు పడ్డాయి, పెళ్ళయ్యాక అదే చేతికి మాటలు పడ్డాయి. ఇద్దరిదీ ఒకే వాటం కావడంతో ఇంటికి తెచ్చేసుకుంది.

ఇంట్లో ఆమెవి అనుకునే వస్తువులన్నీ నిజానికి అందరివీ. దువ్వెనతో మొగుడు దువ్వుకుంటాడు, శాలువా అత్తగారు కప్పుకుంటుంది, ఫోను ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది. ఈ గిటారు ఒక్కటే ఎవరెత్తుకున్నా తలకిందులవుతుంది. ఆ ఇంట్లో ఆమెకు తప్ప ఎవరికీ లొంగని వస్తువు అదొక్కటే. అందుకే వాయించేదానికన్నా తుడిచేది ఎక్కువ. తీగలకు చెమట అంటితే తుప్పు, చెక్క ఎండితే చీలిక, మెడలోని కడ్డీ వదులైతే వంపు. ఆమెకు వచ్చింది మూడు నాలుగు పాటలే. వచ్చిన పాట కన్నా వచ్చిన తుప్పు గురించే ఆమెకు దిగులెక్కువ.

కిటికీ పక్క మంచం మీదినుంచి అత్తగారు ఇదంతా చూస్తోంది. ఎముకలకు చర్మం అద్దెకిచ్చినట్టున్న మనిషి. పెళ్ళయిన కొత్తలో చెవుల్లో చీము పట్టి వినికిడి పోయింది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. నోట్లో మిగిలింది ముందు పన్ను ఒక్కటే. కోడలు ఊరందరికీ పళ్ళు కడుతున్నా, తనకు మాత్రం కట్టనివ్వలేదు. "నా పన్ను నాకుండగా నీ ప్లాస్టిక్ పళ్ళు నాకెందుకే?" అనేది. పోయిన వారం ఆసుపత్రివాళ్ళు, "ఇంటికి తీసుకెళ్ళండి, అడిగింది పెట్టండి" అని పంపేశారు. ఆ మాటకు అర్థం ఇంట్లో అందరికీ తెలుసు, అందరికన్నా బాగా అత్తగారికి తెలుసు.

"ఏమేవ్" అంది అత్తగారు. గొంతు గాలికి ఆడే కాగితంలా ఉంది. "ఆ కర్రను అలా తోముతూనే ఉంటావు. నా మొగుడు కూడా పళ్ళు అంతలా తోముకోలేదు. అది ఏమంటుందో నాకెప్పుడూ చెప్పలేదేం?"

పళ్ళక్క ఆమె కళ్ళెదుటకు జరిగి, పెదాలు కదిపి చెప్పింది. "మీకు వినిపించదు కదా అత్తయ్యా."

"అది నీ బాధ. డాక్టరు అడిగింది పెట్టమన్నాడా లేదా? తిండి వద్దు. ఇది పెట్టు."

ఇంతకుముందు ఒకసారి గిటారుకు వైరుతో తగిలించే సౌండు పెట్టె గట్టిగా పెట్టి అత్తగారి చెయ్యి దాని మీద ఆనించి చూసింది పళ్ళక్క. "వణుకుతోందే. జ్వరమా దీనికి?" అని చెయ్యి తీసేసుకుంది అత్తగారు. అక్కడితో సరి. ఇప్పుడు తనంతట తనే అడుగుతోంది. ఇంతకాలం కలిసి ఉన్నా ఆవిడ కోడల్ని ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. పురమాయించేది, అంతే.

మెట్ల పని ఆపేసి గబగబా తీగలు ఎక్కించింది. బిరడాలు తిప్పి శ్రుతి బిగిస్తోంది. లావు తీగ దగ్గరికి వచ్చేసరికి 'టప్' మంది.

మెడ మొదట్లో తీగలను పట్టి ఉంచే చిన్న బద్ద ఒకటుంటుంది. నట్టు అంటారు. నట్టే, బోల్టు ఉండదు. తీగకొక గాడి చొప్పున ఆరు గాళ్ళు. ఆ గాళ్ళు అరిగితే వేరేవాళ్ళయితే కొత్త నట్టు వేయిస్తారు. పళ్ళక్క పళ్ళక్క గనక, ఆ మధ్య పుచ్చిపన్ను పూడ్చినట్టు పళ్ళ సిమెంటు నింపి, మళ్ళీ గాడి కోసి, అద్దంలా మెరుగు పెట్టి మురిసిపోయింది. నోట్లో పన్నుకయితే నమలడంతో సరిపోతుంది. ఇక్కడ తీగ లాగుతూనే ఉంటుంది, పగలూ రాత్రీ. ఆ లాగుడుకు పూడిక ఊడి, దానితోపాటు నట్టూ రెండు ముక్కలైంది.

భర్త తొంగిచూశాడు. ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం ఆయనది. ఇవాళ తల్లి దగ్గర ఉండటానికి సెలవు పెట్టాడు. "కొట్లో దొరకదా ఆ ముక్క?"

"దొరికేవన్నీ కుడిచేతివాళ్ళవేనండీ. లావు గాడి ఉండాల్సిన చోట సన్న గాడి ఉంటుంది." తీగలను ఎడంగా ఉంచితే చాలదు, ఎడమగా కూడా ఉంచాలి.

పళ్ళక్క విరిగిన ముక్కలను కొంగున ముడేసుకుని అత్తగారి వైపు తిరిగింది. "సాయంత్రం వినిపిస్తాను."

"సాయంత్రం దాకా ఉండమంటావా?"

"ఉండాలి."

"సరే. నువ్వు చెప్పింది ఏనాడైనా కాదన్నానా?"

ఏనాడూ ఔనన్నది లేదు. పళ్ళక్క నవ్వు ఆపుకుని చెప్పులేసుకుంది.

ల్యాబ్‌లో గోడల నిండా అరలు. అరల నిండా తెల్లటి దవడలు. మాట్లాడటానికి మనుషులు లేని నోళ్ళన్నీ అక్కడే ఉంటాయి. మెరుగు యంత్రం గుయ్యిమంటోంది. మూలన ప్లాస్టర్ బాబాయి అచ్చుల్లో సున్నం పోస్తున్నాడు. కనుబొమలతో సహా తెల్లబడిపోయిన మనిషి. ఎంత భాగం ప్లాస్టరో, ఎంత భాగం వయసో పోల్చుకోవడం కష్టం.

"ఏమ్మా, మొహం అలా ఉందేం? అత్తగారికెలా ఉంది?"

"సాయంత్రం దాకా ఉంటానంది బాబాయ్."

"అయితే ఉంటుంది. మీ అత్తగారు మాట తప్పదు. మాట విననూ వినదు."

యజమాని వచ్చి ఒక దవడ బల్ల మీద పెట్టాడు. "అమ్మా, ఇది ముందు చూడు. ఆయనకు డెబ్బై. రేపు పెళ్ళి."

"మనవడిదా సార్?"

"ఆయనదే. ఫోటోల్లో బాగా పడాలట."

ప్లాస్టర్ బాబాయి సున్నం గిన్నెలో మొహం దాచుకుని నవ్వాడు. పళ్ళక్కకు నవ్వు రాలేదు. పెళ్ళికొడుకు చిగుళ్ళకు గులాబి రంగు ముద్ద నొక్కుతూ, పళ్ళ వరస సరిచేస్తూ, మాటిమాటికీ కిటికీలోంచి ఎండ ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుంటూ ఉంది. ముసలాయన పెళ్ళికి పళ్ళు రేపటికి కావాలి. ముసలావిడకు పాట ఇవాళ్టికే కావాలి.

అన్నాలవేళకు అందరూ లేచారు. పళ్ళక్క లేవలేదు. పళ్ళు చెక్కే గట్టి దిమ్మలో మిగిలిన తుంట ఒకటి చెత్తడబ్బాలోంచి తీసింది. అచ్చం పంటి రంగు. కొంగుముడి విప్పి, విరిగిన నట్టు ముక్కలు పక్కన పెట్టుకుని, కొలత పట్టి కోసి, అడుగు చదును చేసింది. ఇక గాళ్ళు. తుంట చిన్నది, చేతిలో నిలవడం లేదు. పట్టుకారులో బిగిస్తే అంచు నలుగుతోంది. విసుగొచ్చి, తుంట కొస పళ్ళతో కరిచి పట్టుకుని, రెండు చేతులూ ఖాళీ చేసుకుని సన్న ఆకురాయి ఆనించి ఒక్కసారి లాగింది.

తలంతా మోగింది.

యంత్రం గుయ్యిమంటూనే ఉన్నా, దాన్ని మించి ఆకురాయి గీత పుర్రె లోపల గీసినట్టు వినిపించింది. మళ్ళీ లాగింది. మళ్ళీ మోగింది. రెండు చెవులూ వేళ్ళతో మూసుకుని, బాబాయిని తలతో పిలిచి, తుంట వదలకుండానే పళ్ళ సందులోంచి అంది. "బాబాయ్, దీన్ని గీకు."

"పిచ్చి పట్టిందేమిటే నీకు? పళ్ళు కట్టీ కట్టీ పళ్ళే కరిచే రోజొచ్చిందా?" అంటూనే ఆయన వచ్చి గీకాడు. పళ్ళక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుమ్ము పడిందేమోనని బాబాయి ఊదబోయాడు.

"చెవులు మూసుకున్నా వినిపిస్తోంది బాబాయ్. పంటి లోంచి వినిపిస్తోంది!"

"ఎముకకి ఎముక చెప్పుకుంటాయట. ఒక డాక్టరు అంటుంటే విన్నాను." బాబాయి ఆమె మొహంలోకి చూసి ఆగాడు. ఏం తట్టిందో ఆయనకు. ఆకురాయి బల్ల మీద పెట్టేశాడు. "పెళ్ళికొడుకుని నాకొదిలెయ్. మెరుగు నేను పెడతాను. నువ్వు నీ గాళ్ళు కోసుకుని పో. యజమాని అడిగితే నేనేదో చెబుతాలే."

లావు గాడి నుంచి సన్న గాడి దాకా అయిదు సరిగా కుదిరాయి. ఒకదాని దగ్గర తొందరపడింది. ఆ గాడి కొంచెం ఎత్తుగా నిలిచింది. సరిచేసే ఓపిక ఉంది గానీ ధైర్యం లేదు. మరొక్క గీత ఎక్కువైతే మొదటికొస్తుంది. అలాగే జేబురుమాల్లో చుట్టుకుని బయల్దేరింది.

ఇంటికి వచ్చేసరికి భర్త మంచం పక్క స్టూలు మీద కూర్చుని తల్లి ఊపిరి చూస్తున్నాడు. మీటరు చూసేవాడి చూపే, ఇంకా తిరుగుతోందా అని. "మధ్యాహ్నం నుంచి కళ్ళు తెరవలేదు" అన్నాడు.

పళ్ళక్క చెప్పులు కూడా విప్పకుండా కొత్త నట్టును మెడ మొదట్లో కూర్చోబెట్టి తీగలు ఎక్కించింది. మిగిలిన కొసలు కత్తిరించలేదు, పిల్లి మీసాల్లా అటూ ఇటూ వదిలేసింది. శ్రుతి చేసి, మంచం అంచున కూర్చుని, గిటారు తల అత్తగారి నోటి దగ్గరికి తెచ్చింది.

"అమ్మ నోట్లో కర్ర పెడతావా? ఏం పనిది?" అని లేచాడు భర్త.

"ఉండండి. అత్తయ్యా! అత్తయ్యా!" అని భుజం తట్టింది. అత్తగారు కళ్ళు తెరిచింది. పళ్ళక్క తన పళ్ళు కొరికి చూపించి, గిటారు తల చూపించింది. పెదాలు కదిపి చెప్పింది. "కరవండి. గట్టిగా."

జీవితమంతా మాటలతో కరిచిన మనిషికి ఇది కొత్త కాదు. ఒక్కసారి కోడల్ని, ఒక్కసారి కర్రను చూసి, ఒంటిపన్నుతో పట్టేసింది.

పళ్ళక్క ఎడమ చేత్తో లావు తీగ మీటింది.

అత్తగారి కళ్ళు పెద్దవయ్యాయి. ముడతలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. చెయ్యి దుప్పటి మీదినుంచి లేచి గాల్లో ఆగింది. పళ్ళక్క రెండో తీగ మీటింది. ఆ తర్వాత అన్నీ ఒక్కొక్కటిగా మీటి, తనకొచ్చిన పాటల్లో మెల్లగా నడిచేది ఎత్తుకుంది. భర్తకు వినిపిస్తున్నది చీమల నడకంత చప్పుడు. సౌండు పెట్టె లేకపోతే ఆ గిటారుకు అంతకుమించి గొంతు లేదు. అదంతా ఎక్కడికి పోతోందో తల్లి మొహం చూస్తే తెలుస్తోంది.

పాట సగంలో అత్తగారు నోరు వదిలింది. ఊపిరి కూడదీసుకుంది. ఇద్దరూ ముందుకు వంగారు.

"మూడో తీగ బాగాలేదే" అంది.

భర్త తెల్లమొహం వేశాడు. పళ్ళక్క కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. తొందరలో కోసిన ఎత్తు గాడి మూడోదే. "ఔనత్తయ్యా, బాగాలేదు. రేపు సరిచేస్తాను."

"ఇన్నాళ్ళూ ఇది ఒక్కదానివే విన్నావా?" అంది అత్తగారు. కోపమో ఇంకేదో తెలియలేదు. "ఊఁ. కానియ్." మళ్ళీ కరిచిపట్టింది.

పళ్ళక్క మొదటినుంచి ఎత్తుకుంది. కిటికీలోంచి వచ్చే ఎండ దుప్పటి దాటి గోడకు పాకింది. భర్త కాళ్ళ దగ్గర కూర్చుని తల్లి పాదం పట్టుకున్నాడు. మూడో తీగ వచ్చినచోటల్లా అత్తగారి కనుబొమ ఒకటి ముడిపడుతోంది. అది చూసి పళ్ళక్క ఆ తీగను ఇంకొంచెం మెత్తగా మీటుతోంది. రెండో పాట అయ్యింది. మూడో పాటలో ఒకచోట మూడో తీగ రెండుసార్లు వస్తుంది. రెండుసార్లూ కనుబొమ కదల్లేదు.

గిటారు మెడ బరువెక్కింది. పళ్ళక్క ఆపలేదు. పాట చివరిదాకా వాయించి, ఆఖరి తీగ అదురు దానంతట అది ఆగేదాకా చెయ్యి తీయకుండా కూర్చుంది. తర్వాత అత్తగారి దవడ కింద అరచెయ్యి పెట్టి, రోజూ నోళ్ళు పట్టుకునే నేర్పుతో, మెల్లగా తెరిచి కర్ర తప్పించింది.

అన్నీ అయ్యాక, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, పళ్ళక్క గిటారును వెలుతురులోకి తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. తీగల కొసలు కత్తిరించింది. మూడో గాడి రెండు గీతలు దించింది. పాలిషు డబ్బా మూత తీసింది. భర్త వచ్చి గిటారు తల మీద వేలు పెట్టి చూశాడు.

"ఇక్కడ నొక్కు పడింది. రుద్దితే పోతుందా?"

"పోతుందండీ" అని పళ్ళక్క డబ్బా మూత పెట్టేసింది.

బంగారు సంతకం చివరి గీత కొద్దిగా పైకి లేచి ఆగినచోట, బియ్యపుగింజ పట్టేంత గుంట, ఒక అంచు లోతుగా, ఒక అంచు తేలికగా.