సాలమ్మ నేర్చిన ఇంగ్లీషు

రోజూ పొద్దున్నే వేములపల్లి మీదుగా మిర్యాలగూడకు కట్టెల మోపు మోసుకొచ్చేది సాలమ్మ. సత్యానందం పంతులు ఇంటి వెనక మోపు దించి, చెంగుతో మొహం తుడుచుకుని, "ఇయ్యాల మాటేంది సారూ?" అనేది. కట్టెలకు ఆమె పైసలు తీసుకునేది కాదు. ఇంగ్లీషు మాటలు తీసుకునేది.

నిజామును దించడానికి యూనియన్ మిలిటరీ వచ్చిన ఏడు, ఆమె మొగుడు మల్సూర్‌ను కమ్యూనిస్టు సంఘపోడని పట్టుకుపోయారు. నాలుగు రోజులకు ఊరి పట్వారి ఒక కాగితం తెచ్చి, "ఏలిముద్ర ఎయ్యి, నీ మొగణ్ణి ఇడిపిస్త" అన్నాడు. వేసింది. మొగుడు రాలేదు. వానలు పడగానే పట్వారి అరక ఆమె రెండెకరాల మెట్ట చెల్కలో దిగింది. అడ్డం పోతే, "నువ్వే ఇష్టపడి ఇచ్చినవ్ గదనే! కాగితంల ఇంగ్లీషుల ఉన్నది, సదువుకో పో" అని నవ్వాడు.

ఆ నవ్వు మీద కోపంతోనే ఆమె చదువు మొదలుపెట్టింది.

ముందు బొగ్గుతో గచ్చు మీద అక్షరాలు. ఆ తర్వాత పంతులు దగ్గరున్న లావుపాటి నిఘంటువు. ఆయన పద్ధతి ఒక్కటే: పదం, అర్థం, సొంత వాక్యం.

"నా వాక్యం వల్లించొద్దు సాలమ్మా. నీ బతుకులోంచి చెప్పు. అప్పుడే పదం నీదవుతుంది."

వాక్యం కుదిరిందంటే ఆ పదం పుటలోంచి చీమలబారులా దిగి, గచ్చు మీద నడిచి, సాలమ్మ చెంగులోకి ఎక్కేది. పుటలో ఆ చోటు తెల్లగా మిగిలేది. వాకిలి ఊడుస్తున్న పంతులు భార్య సుందరమ్మ చీపురు ఆపి దారిచ్చేది. ఒకసారి సాలమ్మదైన పదం ఏ కాగితం మీద ఉన్నా, ఆమె వాక్యం వింటే వచ్చేసేది.

ఒకరోజు పంతులు, "హంబుల్. అంటే అణకువ గల. అర్జీలో పనికొస్తుంది" అన్నాడు.

సాలమ్మ లేచి నిలబడింది. "నా భూమి గుంజుకున్నోని ముంగట నేను వంగాల్నా సారూ?"

"అధికారులకు అలాగే రాయాలమ్మా. లోకం తీరు అది."

"గట్లయితే గా మాట మీరే ఉంచుకోండ్రి."

ఆమె వాక్యం చెప్పలేదు. పంతులు మొహం చిన్నబోయింది.

"కోపానికి పనికొచ్చే మాటలు చెప్పండి ఆమెకు," అంది సుందరమ్మ చీపురు కింద పడేసి. "అంత పుస్తకంలో అవి లేవా?"

ఉన్నాయి. ఆ నెలంతా అవే చెప్పాడు.

పంట కోతకొచ్చే వేళకు మద్రాసు వైపు నుంచి వచ్చిన అధికారి ఊరి బయట డేరా వేసి భూమి తగాదాలు విన్నాడు. సాలమ్మ తన వేలిముద్ర ఉన్న కాగితం అడిగింది.

"దీనికి సదువేడిది దొరా?" అన్నాడు పట్వారి.

ఆమె కాగితం అందుకుని వేలు పెట్టి చదివింది. "ఐ, సాలమ్మ, వాలంటరిలీ రిలింక్విష్ మై ల్యాండ్."

సాలమ్మ వేలు వెనక్కి జరిపి ఒక పదం మీద ఆపింది.

"వాలంటరిలీ అంటే ఎవరి బలవంతం లేకుండ, సొంత ఇష్టంతోని. నో మదర్ స్టార్వ్స్ హర్ చిల్డ్రన్ వాలంటరిలీ. ఏ తల్లీ ఇష్టపడి పిల్లల్ని పస్తు పెట్టదు."

ఆ పదం కాగితం దిగి ఆమె ముంజేతి మీదుగా చెంగులోకి నడిచింది.

"రిలింక్విష్ అంటే చేతుల ఉన్నదాన్ని వదులుకునుడు. ఐ విల్ రిలింక్విష్ మై బ్రెత్, నాట్ మై ఫీల్డ్. పాణమన్న వదుల్త గని నా చెల్క వదల!"

రెండోదీ దిగింది. పట్వారి ముందుకురికి పట్టుకోబోయాడు, చేతికి దొరకలేదు.

అధికారి కాగితం తీసుకుని కళ్లద్దాలు సర్దుకున్నాడు. "నేను, సాలమ్మ, నా భూమి. కింద వేలిముద్ర. ఇంతే ఉంది. ఇచ్చినట్టు ఎక్కడుందయ్యా?"

చెల్కా, అందులోని పంటా సాలమ్మవేనని అధికారి అక్కడే రాసి సంతకం చేశాడు. ఇక దండం పెట్టి వెళ్తుందనుకున్నారంతా. ఆమె కదల్లేదు.

"ఇంకేంటమ్మా?"

"నా మొగణ్ణి లోపలేసిన కాగితం గూడ ఉంటది గద," అంది సాలమ్మ. "అదీ తియ్యి. సదువుత."

అధికారి వంగి, కాగితాల పెట్టె మూత తీశాడు.