మేకుల ఎత్తు

ఇల్లు చూడబోయిన ఆడవాళ్లు ముందు వంటింట్లోకి వెళ్తారు. కోటేశ్వరమ్మ పెరట్లోకి వెళ్లి చెట్టు ఉందా అని చూసింది. జామచెట్టు ఒకటి ఉంది. కొమ్మను రెండు చేతులా పట్టుకుని వేలాడి చూసింది. కొమ్మ నేలకు వంగింది.

"పనికిరాదు" అంది.

"కాయలు మస్తు తియ్యగుంటయమ్మా!" అన్నాడు ఇంటి ఓనరు దుర్గయ్య.

కాయల సంగతి ఆమెకెందుకు? ఏడు నెలల కిందట, డెబ్బయ్యేడు నవంబరులో, దివిసీమ మీద ఉప్పెన పడ్డప్పుడు ఆమె రెండు చేతుల్లో ఇద్దరు పిల్లలున్నారు. చెట్టెక్కడానికి ఒక చెయ్యి కావాలి. అంతే, ఇంకేమీ అడక్కండి. మిగిలింది కూతురు కమలకుమారి, పదకొండేళ్లది. ఆ రోజు నుంచి ఆ పిల్ల వెన్ను నేలకు ఆనించి పడుకోలేదు. గోడకు చేరగిలబడి, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చునే కళ్లు మూస్తుంది. మాట కూడా తక్కువే.

భర్త వీరరాఘవరావు గుమాస్తా. ఉప్పెన రోజు ఆఫీసు పని మీద బందరులో ఉన్నాడు. తర్వాత కాళ్లావేళ్లా పడి హైదరాబాదుకు బదిలీ చేయించుకున్నాడు. అఫ్జల్‌గంజ్‌లో చుట్టాలింట్లో ఒక గది. చుట్టాల ఓపిక అయిపోయింది. నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి. అందుకే ఈ ఆదివారం కిషన్‌బాగ్‌లో, మూసీ వైపు దిగే గల్లీలో చిట్టచివరి ఇల్లు. మూడు గదులు, బావి, ఊళ్లో దొరకనంత తక్కువ కిరాయి.

"ఇక్కడికి సముద్రం రెండొందల మైళ్లు, కోటేశ్వరీ" అన్నాడు వీరరాఘవరావు వందోసారి. జేబులోంచి మడత కాగితం తీశాడు. ఆఫీసులో కూర్చుని ముప్ఫై ఏళ్ల వానలు ఎత్తి రాసుకున్న పట్టిక అది. "చూడు. ఈ ఊరికి తుఫాను లేదు, ఉప్పెన లేదు. మూసీని పైన గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టేశాయి. ఏట్లో మోకాలి లోతు నీళ్లు లేవు. ఇంకేం కావాలి నీకు?"

ముప్ఫై ఏళ్ల కాగితం! ముప్ఫై ఒకటో ఏడు అందులో లేదు కాబట్టి అది జరగనే లేదన్నమాట. కుర్చీలో కూర్చుని వానను కొలిచేవాళ్ల తెలివి ఇంతే. దివిసీమకూ ఇలాంటి కాగితం ఎక్కడో ఉండే ఉంటుంది. అదీ ఉప్పెనలోనే కొట్టుకుపోయి ఉంటుంది.

కోటేశ్వరమ్మ కాగితం చూడలేదు. గోడ చూస్తోంది. కొత్తగా సున్నం వేశారు. కానీ పైన, మనిషి చెయ్యెత్తినా అందనంత ఎత్తున, సున్నంతో పూడ్చిన మేకుల బొక్కలు వరసగా ఉన్నాయి. రెండో గదిలోకి వెళ్లింది. అక్కడా అదే ఎత్తు. వంటింట్లోనూ అంతే. ఆ ఎత్తుకు కింద గోడలో ఒక్క బొక్క లేదు.

"అంతెత్తున మేకులు ఎవరు కొట్టారయ్యా?"

"పాత కిరాయిదార్లు పొడుగోళ్లమ్మా. తాటిచెట్ల లెక్క ఉండెటోళ్లు!" దుర్గయ్య నవ్వాడు.

వీరరాఘవరావు పొడగరి. సరదాకి చెయ్యెత్తి చూశాడు. నాలుగు వేళ్లు తక్కువైంది.

"మరి ఎందుకు పీకేశావు?"

"మేకులుంటే గోడ ఖరాబయితది గదా. గోడలు సాఫ్‌గుంటెనే కిరాయిదారు మెచ్చుతడు."

తలుపు పక్కన సున్నం పెచ్చు ఒకటి లేచి ఉంది. కోటేశ్వరమ్మ గోటితో గీకింది. కింద నల్లటి ఒండ్రు. వాసన చూసింది. ఉప్పు లేదు. ఉప్పు తప్ప తక్కినదంతా ఆమెకు తెలిసిన వాసనే.

"అయిదు గంటలకల్లా మాట చెప్పున్రి సార్. ఇంకో పార్టీ తయారున్నది" అన్నాడు దుర్గయ్య. ఇద్దరు మగవాళ్లూ గల్లీ మొగలోని ఇరానీ హోటల్‌కు చాయ్ తాగడానికి వెళ్లారు. కోటేశ్వరమ్మ కూతురి చెయ్యి పట్టుకుని మంచినీళ్ల వంకన పక్కింటి తలుపు తట్టింది.

పక్కింటావిడ పేరు రాహేలు. ఆస్పత్రిలో ఆయా. అప్పుడే చర్చి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోలేదు. నీళ్లిమ్మంటే స్టూలు లాగి, దాని మీదికెక్కి, పైన తగిలించిన గ్లాసు తీసింది. కోటేశ్వరమ్మ తలెత్తి చూసింది. ఏసుప్రభువు పటం, గడియారం, లాంతరు, రేషన్ కార్డు డబ్బా, చివరికి గరిటె కూడా కప్పు కింద వేలాడుతున్నాయి. కింద గోడంతా గుండు గీసినట్టు బోడిగా ఉంది.

"రోజూ స్టూలెక్కుతావా అమ్మా?"

"ఏం జేత్తమక్కా! మా ఆయన ఇస్సాకు పొట్టోడు. గడియారానికి కీ ఇయ్యాలంటే సర్కసోని లెక్క ఎక్కుతడు. ఒకపారి క్యాలెండర్‌కని కింద మేకు కొట్టిండు. మా అత్తమ్మ మూడొద్దులు అన్నం ముట్టలే. ఏందత్తమ్మా అంటే, గంత కిందికి కొట్టొద్దు అంటది. ఎందుకంటే ఆమెకే ఎరుక లేదు. ఆమె అత్త చెప్పిందట."

కమల స్టూలెక్కింది. ఎవరూ చెప్పలేదు. చెయ్యి చాపి, అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి మేకుకు ఆనించింది. ఆనించి అలాగే నిలబడింది. స్టూలు దిగాక కూడా చెయ్యి దించలేదు. మేకు ఇక అందకపోయినా, ఆ ఎత్తు తన చేతిలో ఉన్నట్టు, తలపైకి నిటారుగా, మునివేళ్ల మీద నిలబడి పట్టుకుంది.

"ఏంది బిడ్డా గట్లున్నది?" రాహేలు గొంతు తగ్గించింది.

"ఈ గల్లీలో ఇంకెక్కడన్నా ఇల్లు ఖాళీ ఉందా?" అంది కోటేశ్వరమ్మ. "చూపిస్తావా తల్లీ?"

కిరాయి ఇల్లు చూస్తున్నారంటే ఏ గుమ్మమైనా తెరుచుకుంటుంది. రాహేలు ముందు నడిచింది. గల్లీ అక్కడి నుంచి పైకి ఎక్కుతుంది. మధ్యాహ్నపు ఎండ, మనిషి అలికిడి లేదు, కుక్క కూడా మొరగలేదు. రెండిళ్లు దాటి లోపలికెళ్తే మేకులు కోటేశ్వరమ్మ నడినెత్తి ఎత్తున ఉన్నాయి. ఇంకాస్త పైకి, దర్జీ ఇంట్లో, ఆమె గడ్డం ఎత్తున. ఆ పైన ఇంట్లో నడుం ఎత్తున. ఆ ఇంటాయన అంగీ తగిలించుకోవడానికి వంగుతున్నాడు. వంగి తగిలించుకోవడం వింతని ఆయనకు తోచినట్టే లేదు.

కమల వెనకాలే వస్తోంది, చెయ్యి చాపుకుని. నడినెత్తి పైనుండిన ఆ చెయ్యి కళ్ల ముందుకొచ్చింది, తర్వాత మెడ దగ్గరికి, ఆ తర్వాత నడుం దగ్గరికి. దారిలో రాయి తగిలి తూలినా అరచెయ్యి వంగలేదు.

"అమ్మా" అంది. రెండు రోజుల్లో అదే మొదటి మాట. "నేను చెయ్యి కదపలేదు. నేలే పైకొస్తోంది."

కోటేశ్వరమ్మ ఆగిపోయింది. తిరిగి గల్లీ కిందికి చూసింది. ఒక్కో ఇంట్లో మేకులు ఒక్కో ఎత్తున ఉన్నాయని కదా ఇప్పటిదాకా అనుకుంది. కాదు. ఎత్తు ఒకటే. గల్లీ మొత్తానికి ఒకటే గీత, వంకర లేని గీత. అలా పరుచుకునేది లోకంలో ఒక్కటే ఉంది. దుర్గయ్య ఇల్లు ఆ గీత కింద నిలువునా మునిగి ఉంది.

గల్లీ మీది కొసన చంద్రమ్మ ఇల్లు. ముసలమ్మకు చూపు మందగించింది. అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది.

"అవ్వా, నీ పక్క అర్ర కిరాయికి ఇస్తవా? వీళ్లు చూడొచ్చిన్రు" అంది రాహేలు.

"ఏ ఊరోళ్లు? ఆంధ్రోళ్లా? ఇయ్య. అరవై తొమ్మిదిల లొల్లి అయినప్పుడే ఒట్టు పెట్టుకున్న."

"ఏ, ఉప్పెనల బతికొచ్చిన్రు అవ్వా."

చంద్రమ్మ చేతులు ఆగాయి. "నీళ్ల నుంచా?" అంది. "ఎవరు పోయిన్రు బిడ్డా నీకు?"

"కొడుకు."

"నాకు అవ్వ, ఇద్దరు అక్కలు. డెబ్బయ్యేండ్ల కింద తుగ్యానీ వరదొచ్చిననాడు నాకు ఏడేండ్లు. మూసీ గీ గల్లీలకెక్కింది. నీళ్లు దిగినంక నిలిచిన గోడలన్నిటికీ ఒండ్రు గీత. మా బాపు సుత్తె పట్టుకొని ఇంటింటికి తిరిగి గీత మీద మేకు కొట్టిండు. సున్నమేస్తే గీత పోతది, మేకు పోదు, ఎనకొచ్చెటోళ్లకు తెల్వాలె అన్నడు. ఇరవయ్యొక్క ఇండ్లకు కొట్టిండు. అడ్డం చెప్పెటందుకు మనిషున్న ఇండ్లు నాలుగే. ఎనకొచ్చినోళ్లు ఏం జేసిన్రు? గరిటెలు తగిలిచ్చిన్రు. గా దుర్గయ్య ఎరిగుండే పీకిండు. ఎవడన్న అడుగుతడని. నా అర్ర మీకిస్త, చూస్కోన్రి."

రాహేలు తన ఇంటి వైపు చూసి శిలువ గుర్తు వేసుకుంది.

అయిదు కావస్తోంది. కోటేశ్వరమ్మ గల్లీ మొగకు వెళ్లి హోటల్ ముందు నిలబడింది. వీరరాఘవరావు అప్పటికే దుర్గయ్యతో చెయ్యి కలపబోతున్నాడు.

"ఏమండీ, మాట ఇవ్వకండి."

"పట్టిక చూశాక కూడా..."

"ఆ రోజు మీరు లేరు" అంది. ఏడు నెలలుగా అనని మాట అది. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆమె దుర్గయ్య వైపు తిరిగింది. "పీకిన మేకులు మళ్లీ కొట్టించు. వచ్చేవాడికి చూసుకునే హక్కుంది."

"కిరాయికొచ్చి నా గోడకు హుకుమా? పోవమ్మా, రేపే ఇంకోడు దిగుతడు!"

దిగుతాడు కూడా. అది ఆమెకు తెలుసు. అదే ఆమెకు భయం.

కమల తండ్రిని రాహేలు ఇంట్లోకి తీసుకెళ్లింది. స్టూలెక్కి, ఆయన అరచెయ్యి పట్టి మేకుకు ఆనించింది. "దించకు నాన్నా" అంది. తండ్రీ కూతుళ్లు గల్లీ ఎక్కారు. ఆయన చెయ్యి నెత్తి మీది నుంచి గుండె దగ్గరికొచ్చింది, నడుం దగ్గరికొచ్చింది. చంద్రమ్మ ఇంటి గుమ్మంలోకి వచ్చేసరికి పెద్దమనిషి నడుం వంచి, చెయ్యి నేలకు దగ్గరగా పెట్టుకుని నడుస్తున్నాడు. కాగితం జేబులోనే ఉంది.

ఒకటే గది. రేకుల కప్పు. నీళ్లు గల్లీ కుళాయి నుంచి మోసుకోవాలి. మూల చీకట్లో, నేలకు జానెడు ఎత్తున, తుప్పు పట్టిన మేకు.

"ఇక్కడ కూడా..." అన్నాడు వీరరాఘవరావు.

"అది ఆఖరిది" అంది గుమ్మంలోంచి చంద్రమ్మ. "ఇంతకు పైకి రాలే. మళ్ల వస్తే వస్తదో రాదో, నాకు ఎరుకలేదు బిడ్డా. అబద్ధం చెప్ప."

కోటేశ్వరమ్మ మేకు వైపు చూస్తూ నిలబడింది. నీళ్లు రాని చోటు ఉంటుందని ఇన్నాళ్లూ వెతికింది. జానెడు నీళ్లు. అందులో మంచం మునగదు. చెట్టు అక్కర్లేదు. జానెడు నీళ్లలో రెండు చేతులా ఇద్దరు పిల్లల్ని పట్టుకుని నడిచి వెళ్లిపోవచ్చు.

"ఇదే తీసుకుందాం" అంది.

కమల మూలకు వెళ్లి మేకు పక్కన జాన పెట్టి కొలిచింది. ఇంకోసారి కొలిచింది. "జానెడేనమ్మా" అంది. చంద్రమ్మ నులకమంచాన్ని తనే లాక్కొచ్చి గోడకు వేసుకుని దాని మీద ఎక్కింది. వెన్ను ఆనించింది. కాళ్లు చాపింది. పెద్దవాళ్లు ముగ్గురూ చూస్తుండగానే నిద్రపోయింది.

ఒక చెయ్యి మంచం పక్కనుంచి కిందికి జారింది. నేలను తాకలేదు. అరచెయ్యి బల్లపరుపుగా, మేకుకు సరిగ్గా సమానంగా, నిద్రలో కూడా కదలకుండా నిలిచింది.