సామర్లకోట మీదుగా వియత్నాం

నేను ఒక వీపు సంచిని. ముదురాకుపచ్చ రంగు, ఛాతీకి ఒక బకిలు, నడుముకి ఇంకో బకిలు, నాకే గుర్తుండనన్ని జేబులు. నన్ను చూసి 'స్కూలు బ్యాగా?' అని అడిగినవాళ్లతో నేను ఈ జన్మలో మాట్లాడను. కొండలెక్కడానికి పుట్టినదాన్ని. ఇంతవరకూ ఎక్కలేదనుకోండి, అది వేరే సంగతి. ఎక్కించాల్సింది మనుషులు కదా, అందులో నా తప్పేముంది?

నేను పుట్టింది ఊరి చివర ఒక రేకుల షెడ్డులో. నన్ను కుట్టినామె పొద్దుటినుంచి సాయంత్రం దాకా పక్క మిషనామెతో ఆడపడుచు మీద చాడీలు చెబుతూనే ఉంది. కోపం వచ్చిన చోటల్లా కుట్టు మీద కుట్టు వేసింది. భుజాల పట్టీల దగ్గరకొచ్చేసరికి ఆ ఆడపడుచు ఏం చేసిందో ఏమో, నాలుగు వరసలు పడ్డాయి. ఇవాళ్టికీ అవి చెక్కుచెదరలేదు. ఆ ఆడపడుచు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

మొదట నన్ను కొన్నది హైదరాబాదులో ఉద్యోగం చేసే తరుణ్ అనే కుర్రాడు. హిమాలయాలకు వెళ్తానని కొన్నాడు. రెండేళ్లపాటు నెలకోసారి మాసిన బట్టలన్నీ నాలో కుక్కి కాకినాడలో వాళ్లమ్మ దగ్గరికి మోసుకెళ్లాడు. ఆ వాసన గురించి నేనేమీ చెప్పను, భోంచేసి చదువుతున్నవాళ్లుంటారు. తర్వాత అతని మేనమామ, స్కూల్లో డ్రిల్లు మాస్టారు, నన్ను తీసుకుని వాలీబాలు బంతులు పోశాడు. అలా స్టాఫ్ రూము మూల పడి ఉండగా వకుళ కళ్లలో పడ్డాను.

వకుళ ఆ స్కూల్లో సోషల్ టీచరు. ఇరవయ్యేళ్లుగా గోడకు ప్రపంచ పటం తగిలించి, బెత్తంతో మెకాంగ్ నది చూపిస్తూ వస్తోంది. ఆవిడ స్వయంగా చూసిన నదులు రెండే, గోదావరి, కృష్ణ. ఆ వేసవిలో ఉన్నట్టుండి ఒకరోజు పాఠం మధ్యలో, 'ఈ నది నేనే చూడలేదు, మీకేం చెబుతాను' అనిపించిందట. సాయంత్రానికల్లా వియత్నాం వెళ్లాలని నిశ్చయించుకుంది. చేతిలో ఉన్నది అంతంతమాత్రం. కొత్త సంచి కొనే యోగం లేదు. రెండు పరీక్షలకి డ్రిల్లు మాస్టారి బదులు తను కాపలా కూర్చునేలా ఒప్పందం చేసుకుని నన్ను సొంతం చేసుకుంది. ఎండలో కూర్చుని పళ్లు తోముకునే బ్రష్షుతో నా మూలమూలలా రుద్ది కడిగింది. నన్ను ఎవరైనా అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు.

భర్త ప్రభాకరం మంచివాడే గాని, బస్సెక్కితే పిఠాపురం రాకముందే నిమ్మకాయ వాసన చూసే మనిషి. 'నువ్వెళ్లిరా, నేను ఫొటోలు చూస్తా' అన్నాడు. ఇక మిగిలింది అత్తగారు భ్రమరాంబ. ఆవిడ వద్దనలేదు. ప్రశ్నలు మాత్రం వేసింది.

"ఎక్కడ పడుకుంటావే?"

"హాస్టలండీ అత్తయ్యగారూ. ఒక గదిలో ఎనిమిది మంచాలు, ఒకదాని మీద ఒకటి. అందరూ ఆడవాళ్లే. చాలా చవక."

"అంటే పెళ్లివారి విడిదిలాగన్నమాట."

"అంతేనండి."

"అయితే పర్లేదు. పై మంచం తీసుకోకు, కిందకి దిగేటప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి. మరి భోజనం?"

అటుకులు, కందిపొడి, పులిహోర పొడి వెంట తీసుకెళ్లి ఒక పూట గడిపేస్తే, రెండో పూట అక్కడి నూడుల్సు తినొచ్చని వకుళ లెక్క. విమానంలో పైసా అదనంగా ఇవ్వకుండా తీసుకెళ్లనిచ్చేది ఏడు కిలోలే. అంటే ఆ ఏడు కిలోల్లోనే నేనూ, బట్టలూ, కందిపొడీ సర్దుకోవాలి. నా ఒంటి బరువు గురించి ఆ ఇంట్లో అందరూ నా ముందే మాట్లాడుకున్నారు. ఇంత సిగ్గు నాకెప్పుడూ కలగలేదు.

టికెట్టు వేట నెల రోజులు సాగింది. వకుళ వంట చేస్తూ, పేపర్లు దిద్దుతూ ఫోన్లో ధర చూస్తూనే ఉండేది. చివరికి చెన్నై నుంచి ఒక టికెట్టు నమ్మలేనంత చవగ్గా దొరికింది. వెనక్కి ఇస్తే పైసా రాదు, తేదీ మారదు. ఆవిడ కళ్లు మూసుకుని కొనేసింది. తర్వాత భ్రమరాంబ గారు పంచాంగం తీశారు.

"ఇల్లు కదిలేది గురువారమా?"

"అవునండీ. మధ్యాహ్నం చెన్నై రైలు."

"గురువారం దక్షిణానికి వారశూల కదే. ఆ రోజు దక్షిణానికి ఎవరు కదుల్తారు? అందుకే వాళ్లంత చవగ్గా ఇచ్చారు."

వకుళ మొహం వాడిపోయింది. పాపం భ్రమరాంబ గారు కోడలి ప్రయాణం ఆపాలని కాదు, కోడలు క్షేమంగా తిరిగి రావాలని. దానికి మార్గం కూడా ఆవిడే చెప్పారు. ప్రస్థానం పెడితే సరి. అంటే ఏమీ లేదు, మంచి ముహూర్తంలో ప్రయాణపు సామాను ముందుగా వేరే ఇంట్లో పెట్టేస్తారు. అక్కడితో మనిషి బయల్దేరినట్టే లెక్క. తర్వాత చెడ్డరోజున ఆ సామాను తీసుకుని వెళ్లినా దోషం ఉండదు. ఒకటే షరతు, గడప దాటిన సామాను మళ్లీ సొంతింటికి రాకూడదు. ఆ లెక్కన ఆ ఇంట్లో వకుళ కంటే ముందు విదేశయాత్రకు బయల్దేరింది నేను. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను.

"ఖాళీ సంచి పెడితే ఖాళీ ప్రయాణం అవుతుంది. ప్రయాణానికి ముఖ్యమైంది ఏంటో అది అందులో పెట్టు" అన్నారు భ్రమరాంబ గారు. వకుళ పాస్‌పోర్టు తీసి నా లోపలి జేబులో పెట్టి జిప్పు వేసింది.

సోమవారం పొద్దున నన్ను దక్షిణం పక్కింట్లో దించారు. అది త్రిపుర గారి ఇల్లు. త్రిపుర గారికి అరవై దాటాయి. ఆవిడ భర్త కామేశం గారు తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయనకి మధ్యాహ్నం వేడన్నం, సాయంత్రం వేడి టిఫిను పడాల్సిందే. అందుకని త్రిపుర గారు పెళ్లయ్యాక ఏ ఊరెళ్లినా పొయ్యి వెలిగించే వేళకి ఇంట్లో ఉండేది. "తాళం వేసిన ఇంట్లో ప్రస్థానం ఉంచకూడదు వదినగారూ. మనిషి కనిపెట్టుకుని ఉండాలి" అని భ్రమరాంబ గారు చెప్పి వెళ్లారు. త్రిపుర గారిది మాటంటే మాటే.

సర్దడం ఇంకా మొదలే కాలేదు. నేను వెనక్కి వెళ్లకూడదు కనుక సామానంతా గోడ మీదుగా ఇటు రావడం మొదలైంది. వకుళ రెండు చొక్కాలు పెట్టి వెళ్లేది. భ్రమరాంబ గారు వచ్చి ఒక శాలువా, గోంగూర పచ్చడి సీసా కుక్కేవారు. త్రిపుర గారు సీసా తీసి కవర్లో కట్టి మళ్లీ పెట్టేది. ఆ ఇంట్లో కాటా లేదు. కామేశం గారు ఒక చేత్తో నన్నూ, ఇంకో చేత్తో బియ్యం సంచినీ ఎత్తి, కళ్లు మూసుకుని, "బియ్యం కంటే తక్కువేనమ్మా" అనేవారు. ఆ బియ్యం సంచిలోంచి రోజూ వంటకి తీస్తున్నారన్న ఆలోచన ఆయనకి రాలేదు. నాకు ప్రాణం ఉసూరుమంది.

మంగళవారం మధ్యాహ్నం కామేశం గారు భోంచేసి కునుకు తీస్తుండగా త్రిపుర గారు నా దగ్గరకొచ్చింది. అటూ ఇటూ చూసి నన్ను భుజాలకి తగిలించుకుంది. ఛాతీ బకిలు ఎలా పెట్టాలో తెలియక కాసేపు తంటాలు పడింది. టక్కుమని పడగానే ఉలిక్కిపడి నవ్వుకుంది. అలాగే హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి నడిచింది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే నన్ను మోస్తూనే వెళ్లి దించింది. బుధవారం కూడా అంతే. నేను చాలా వీపులు చూశాను. తరుణ్ వీపు చెమట వాసన, మాస్టారి వీపు నొప్పుల మందు వాసన. ఆ రెండు మధ్యాహ్నాలూ మాత్రం నాకు దిగాలనిపించలేదు. ఆవిడంటే నాకు ప్రేమ కలిగిందని చెప్పడానికి మొహమాటమేమీ లేదు.

గురువారం తెల్లవారింది. ఆ రోజే సామర్లకోటలో త్రిపుర గారి చెల్లెలి మనవరాలికి ఓణీల ఫంక్షను. గంట ప్రయాణం కూడా కాదు, పదకొండు గంటలకల్లా వచ్చేయొచ్చని మొగుడూ పెళ్లాలు బయల్దేరారు. తలుపు తాళం వేయబోతూ త్రిపుర గారు ఆగిపోయింది.

"ఏవండీ, తాళం వేసిన ఇంట్లో ప్రస్థానం ఉంచకూడదన్నారు కదా."

"అయితే?"

"మనతో తీసుకెళ్దాం."

పట్టుచీర మీద నన్ను తగిలించుకుని ఆవిడ సామర్లకోట బస్సెక్కింది. బస్సంతా మమ్మల్నే చూసింది. చూడనీ అనుకున్నాను.

ఫంక్షనులో నన్ను పెళ్లికూతురిలా కుర్చీలో కూర్చోబెట్టారు. ఎవరో ముత్తైదువ వరసలో వస్తూ వస్తూ నాకూ బొట్టు పెట్టి, తాంబూలం కూడా ఇచ్చి పోయింది. అంతా బాగానే ఉంది గాని, ఓణీ తేవాల్సిన మేనమామ రాలేదు. ఆయన కారు తుని దగ్గర ఆగిపోయిందట. మేనమామ బట్టలు రానిదే అమ్మాయిని పీట మీద కూర్చోబెట్టరు. పెద్దవాళ్లు అక్షింతలు వేయకుండా కదలడానికీ లేదు. పదకొండు దాటింది, పన్నెండు దాటింది. త్రిపుర గారు నా పట్టీ పట్టుకుని నలిపేస్తోంది.

అక్కడ కాకినాడలో వకుళ స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, నన్ను తీసుకుపోవడానికి వచ్చి తాళం చూసింది. ఫోను చేస్తే తలుపు వెనకాల మోగింది. మొగుడూ పెళ్లాలిద్దరికీ ఉన్న ఆ ఒక్క ఫోన్నీ త్రిపుర గారు చార్జింగులో పెట్టి మర్చిపోయింది. ఎదురింటి మెట్ల మీద ఇస్త్రీ చేసే అతను, "సంచి తగిలించుకుని సామర్లకోట ఎల్లారండి" అని చెప్పాడట. వకుళ అక్కడే గడప మీద కూలబడిపోయింది. పాస్‌పోర్టు లేకపోతే టికెట్టు పోయినట్టే. మళ్లీ అంత కూడబెట్టేసరికి ఎన్నేళ్లో, అసలు ఇంట్లో మళ్లీ అడిగే ధైర్యం వస్తుందో రాదో. ఇదంతా తర్వాత రైల్లో ఆవిడ చెబితే విన్నాను.

త్రిపుర గారి చెల్లెలి నంబరు వెతికి పట్టుకున్నది భ్రమరాంబ గారే. ఇక్కడ ఫంక్షనులో అందరూ వినేలా ఆ ఫోను స్పీకర్లో పెట్టారు.

"నేను బస్సులో తెచ్చేస్తానండీ, ఇప్పుడే" అన్నారు కామేశం గారు.

"ఆగండి. సామర్లకోట నించి కాకినాడ ఏ దిక్కు?"

"దక్షిణమండి."

"ఇవాళ గురువారం. వారశూలకి ఎదురు తెస్తారా దాన్ని? అదీగాక గడప దాటింది వెనక్కి రాకూడదు. అక్కడే ఉంచండి. మా కోడలి రైలు సామర్లకోట మీంచే వెళ్తుంది కదా."

ఫోన్లో ఆవిడ వెనకనించి వకుళ గొంతు వినిపించింది. "రైలు అక్కడ కాసేపే ఆగుతుంది అత్తయ్యగారూ. అందకపోతే?"

"ఎందుకందదు? కాకినాడ నించి సామర్లకోట ఉత్తరం. నీకు శూల కూడా తగల్లేదు. దేవుడే దారి చూపించాడు. నడు."

త్రిపుర గారు నన్ను బిగించింది. ఈసారి బకిలు మొదటిసారికే పడింది. ఓణీ రాలేదు, అక్షింతలు పడలేదు, భోజనం చేయలేదు. కామేశం గారిని పెద్దల దగ్గర వదిలి, ఒక్కత్తే ఆటో ఎక్కి స్టేషనుకొచ్చింది. రైలొచ్చి ఆగింది. వకుళ పెట్టె ఎక్కడో ముందుంది. కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది, మొహం పాలిపోయి ఉంది. త్రిపుర గారు చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని పరుగెత్తింది. ఆ వయసులో, ఆ పట్టుచీరలో, నాతో, గోంగూరతో. కూత వేసింది. ఇంకా నాలుగు పెట్టెలున్నాయి. ఆవిడ ఇంకేమీ ఆలోచించలేదు, ఎదురుగా కనబడ్డ తలుపులోకి ఎక్కేసింది.

పెట్టెలు దాటుకుంటూ వెళ్లి వకుళ ముందు నిలబడింది. వకుళ నా జిప్పు లాగి పాస్‌పోర్టు తడిమి చూసుకుని, ఆవిడ భుజం మీద తల పెట్టి బావురుమంది. నాకూ ఏడుపొచ్చింది. పైకి తెలియదు, అంతే.

టీసీ వచ్చి త్రిపుర గారి టికెట్టు అడిగాడు. జరిమానాతో కలిపి వకుళ కట్టింది. వియత్నాంలో నాలుగు పూటల నూడుల్సు అక్కడే హరించుకుపోయాయి. వకుళకి ఆ క్షణాన చీమ కుట్టినట్టు కూడా లేదు.

"రాజమండ్రిలో దిగి బస్సెక్కేస్తానమ్మా" అంది త్రిపుర గారు. కిటికీ పక్కన కూర్చుంది. నన్నింకా వీపు మీంచి దించలేదు. రాజమండ్రి వచ్చింది. ఆవిడ లేవలేదు.

"వంతెన దాటాక కొవ్వూరులో దిగుతాలే. గోదావరి మీద ఎండ ఎలా ఉంటుందో చూసి చాలా కాలమైంది."

కొవ్వూరు వచ్చింది. బయట ఎవరో జామకాయలు అమ్ముతున్నారు. "నిడదవోలు ఎంతసేపని" అంది.

వకుళ ఫోను మోగింది. కామేశం గారు, మరదలి ఫోను నుంచి. ఓణీ వచ్చిందట, ఫంక్షను అయిందట, ఆయన ఇంటికి బయల్దేరుతున్నారట. సాయంత్రం టిఫిను సంగతేమిటని అడుగుతున్నారు. "చెబుతానండి" అని వకుళ పెట్టేసింది.

తర్వాత నేను వియత్నాం వెళ్లాను. తూకం దగ్గర గోంగూర సీసా చెన్నైలోనే దిగిపోయింది. మెకాంగ్ మీద పడవలో వకుళ ఒళ్లో కూర్చున్నాను. ఆవిడ నీళ్లలో చెయ్యి పెట్టి, పిల్లలకి చెబుతున్నట్టు నది పుట్టిన చోటినుంచి కలిసే చోటు దాకా గొణుక్కుంది. అదంతా మహా గొప్పగానే ఉంది. కానీ యాత్ర అంటే నాకు ముందు గుర్తొచ్చేది నిడదవోలు ప్లాట్‌ఫారమే.

అక్కడ త్రిపుర గారు నన్ను దించి వకుళ పక్కన పెట్టింది. పట్టీలు సరిచేసి నా మీద ఒకసారి చెయ్యి వేసింది. దిగి కిటికీ దగ్గర నిలబడింది.

"పిన్నిగారూ, కాకినాడ వైపు బళ్లు అవతలి ప్లాట్‌ఫారం మీదకొస్తాయి" అంది వకుళ.

"తెలుసమ్మా. నర్సాపురం బండి ఎటొస్తుందో కనుక్కోవాలి. మా మేనత్త కూతురు అక్కడే ఉంటుంది, ఎన్నేళ్లుగానో రమ్మంటోంది. లేసులు అల్లుతారట, సముద్రం కూడా దగ్గరేనట. నాలుగు రోజులు ఉండొస్తాను."

రైలు కదిలింది. ఆవిడ రెండడుగులు మాతో నడిచింది.

"ఆయనకి ఫోను చేసి చెప్పమ్మా. రవ్వ పై అరలో ఉంది. ఉప్మా చేసుకోవడం పెద్ద కష్టమేం కాదు, నీళ్లు మరిగాక పోయమను."

వీపు మీద ఏమీ లేకుండా ఆవిడ ప్లాట్‌ఫారం మీద అలా నడిచి వెళ్తుంటే, పాస్‌పోర్టు కడుపులో పెట్టుకుని వియత్నాం వెళ్తున్న నాకు ఆవిడతో నర్సాపురం వెళ్లాలనిపించింది.