మెర్లిండా చేతికొలత

మెర్లిండా ఆరు తూటాలూ బల్లమీద నిలబెట్టి, ఖాళీ రివాల్వర్‌ని ఒళ్లో పడుకోబెట్టుకుని దాని పిడికున్న మర విప్పుతోంది. తాకట్టు దుకాణం వెనకగదిలో రోజూ పొద్దున్నే జరిగే పని ఇది. రాత్రి కాపలా ముగించిన టాక్యో తుపాకీ అప్పగిస్తాడు. దాని లావుపాటి రబ్బరు పిడి తీసేసి ఆమె తన సన్నటి చెక్కపిడి బిగించుకుంటుంది. సాయంత్రం అతను వచ్చేసరికి మళ్లీ రబ్బరుది పెట్టి ఉంచుతుంది. ఒకే తుపాకీ, ఇద్దరు మనుషులు. మనిషికొకటి కొనిస్తే గార్డుల్ని పంపే ఏజెన్సీవాళ్ల ఆస్తులేం కరిగిపోతాయో గాని, కొనరు.

టాక్యో బూట్లు విప్పుకుంటూ, రోజూ అనే మాటే అన్నాడు. "అది చెయ్యా, పిల్లి పంజానా అక్కా?"

"పంజా అయితే నీ మొహం ఎప్పుడో గీరేదాన్ని. వెళ్లి కాసేపు పడుకో. మధ్యాహ్నం గురి పరీక్షలో కునికావంటే బొమ్మ బదులు సారుని కాలుస్తావు."

ఆమె చెయ్యి చిన్నదే. పొట్టి వేళ్లు, గోళ్ల పక్కన తెల్లటి గీతలు. పెళ్లికి ముందు ఇలోయిలో అనే ఊళ్లో ఏటి ఒడ్డున కూర్చుని ఆల్చిప్పలు పగలగొట్టిన చెయ్యి అది. నలభై దాటాక ఒళ్లు కాస్త వచ్చింది గాని చేతికి మాత్రం రాలేదు. ఏజెన్సీ ఇచ్చిన చొక్కా భుజాలు మోచేతుల దాకా జారితే తనే విప్పి కుట్టుకుంది. టోపీలో కాగితం మడిచి పెట్టుకుంది. బూట్లలో గుడ్డ కుక్కుకుంది. ఆడమనిషి ఈ పనికి పనికొస్తుందని ఏజెన్సీకి తెలుసు. ఆడమనిషికి ఆడమనిషి చెయ్యే ఉంటుందని మాత్రం తెలియదు.

మొదట్లో ఆమె కూడా రబ్బరు పిడితోనే కాల్చేది. పిడి చుట్టూ తిరిగేసరికే వేళ్లు అయిపోయేవి. ట్రిగ్గర్ అందాలంటే తుపాకీని చేతిలో పక్కకి తిప్పుకోవాలి. అప్పుడు ముంజెయ్యి ఒకవైపు, గొట్టం ఒకవైపు చూసేవి. వేలికొసతో లాగగానే గొట్టం ఎడమకి జరిగేది. ఏటా పరీక్షలో అత్తెసరు మార్కులతో బయటపడి, ఇంటికొచ్చి బొటనవేలి మొదట్లో కమిలిన చోట వేడినీళ్ల కాపడం పెట్టుకునేది.

ఆమె మొగుడు డెల్ఫిన్ పడవల వడ్రంగి. ఒకరోజు బియ్యప్పిండి ముద్ద ఆమె గుప్పిట్లో పెట్టి, గట్టిగా పట్టుకోమన్నాడు. వేళ్ల అచ్చులు పడిన ఆ ముద్దని ఎండలో ఆరబెట్టి, దాన్ని చూస్తూ పనసచెక్క చెక్కాడు. చెక్కుతున్నంతసేపూ, ఇంత చిన్న చేత్తో నన్నెలా అదుపులో పెట్టావే అని నవ్వుతూనే ఉన్నాడు. ఆ ఏడు పరీక్షలో ఆరుకి ఆరూ బొమ్మ గుండెలో దిగాయి. ఆ తర్వాత రెండేళ్లకి డెల్ఫిన్ కామెర్లతో పోయాడు. అప్పటినుంచి ఇంట్లో ఆమే, మంచం పట్టిన తల్లీ.

ఆ పొద్దున కూడా మామూలుగానే దుకాణం తలుపు దగ్గర నిలబడింది. వచ్చినవాళ్ల సంచుల్లోకి పుల్ల పెట్టి చూసింది. ఒకాయన అన్నం వండుకునే కరెంటు కుక్కర్ తెచ్చాడు. ఒకావిడ వేలికున్న ఉంగరం రాక సబ్బు అడిగితే, లోపల్నుంచి తెచ్చి, తనే మెల్లగా తీసిపెట్టింది. మధ్యాహ్నం నిలబడే, వెనిగర్‌లో అద్దిన ఎండుచేపతో అన్నం తింది. పరీక్ష సంగతి గుర్తొచ్చినప్పుడల్లా చెయ్యి నడుం మీదికి వెళ్లి, చెక్కపిడిని తడిమి వచ్చేది. పాసుకాకపోతే తుపాకీ అనుమతి పోతుంది. తుపాకీ లేని గార్డుని తాకట్టు దుకాణం ఒక్కరోజు కూడా ఉంచుకోదు. మందుల కొట్టువాడికీ ఇంటి ఓనరుకీ ఆమె గురి మీదే నమ్మకం.

కాల్చే మైదానం ఊరవతల కొబ్బరితోట వెనక. ఈ ఏడు పరీక్ష పెట్టింది గాలెగో. సైన్యంలో కెప్టెన్‌గా దిగిపోయి ఏజెన్సీ కొనుక్కున్న మనిషి. పాత గార్డుల్ని వదిలించుకుని తక్కువ జీతానికి కుర్రవాళ్లని పెట్టుకుంటున్నాడని అందరూ చెప్పుకునేదే. అతని నడుముకున్న పిస్తోలుకి దున్నకొమ్ము పిడి, దాని మీద నాలుగు వేళ్లకీ నాలుగు గాడులు.

ముందు టాక్యో రబ్బరు పిడి బిగించుకుని కాల్చాడు. పేలిన ప్రతిసారీ అతను కళ్లు మూసుకుంటాడు. అట్టమీది మనిషిబొమ్మకి చెవిలో ఒకటి, తొడలో ఒకటి, పొట్టలో రెండు, భుజంలో ఒకటి, ఆరోది ఎటు పోయిందో దేవుడికే తెలియాలి. బొమ్మ చుట్టూ ఉన్న గీతలోపల నాలుగు పడితే చాలు కాబట్టి పాసయ్యాడు. మెర్లిండా తుపాకీ అందుకుని, పక్కకి జరిగి మర విప్పడం మొదలుపెట్టింది.

"ఏంటది?" అన్నాడు గాలెగో.

"నా చేతికి సరిపోయే పిడి సార్. పాత సారున్నన్నాళ్లూ దీంతోనే కాల్చాను."

"తుపాకీ ఏమన్నా చెప్పులా అమ్మా, సైజు చూసి తొడుక్కోడానికి? గురి కంట్లో ఉంటుంది, గుండెలో ఉంటుంది. చెక్కముక్కలో కాదు. కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే ఉంచు."

మెర్లిండా అతని నడుంకేసి చూసింది. "మరి ఆ గాడులు ఎవరి వేళ్లు చూసి చెక్కారు సార్?"

వరసలో నిలబడ్డ గార్డుల్లో ఎవరో నవ్వు దిగమింగారు. గాలెగో చెవులు ఎర్రబడ్డాయి. "ఇది నా సొంత తుపాకీ. అది నీ సొంతమా?"

తుపాకీ మీది, చెయ్యి నాది అనొచ్చు. ఆ మాట ఆమెకి అప్పుడు తట్టలేదు. ఇలాంటి మనుషుల ముందు సరైన మాట ఎవరికీ వేళకి తట్టదు. అందుకే వాళ్లు జీవితాంతం గెలుస్తూనే ఉంటారు. టాక్యో ముందుకొచ్చి, గుండు ఎక్కడ పడుతుందన్నదే కదా సార్ కావలసింది అని గొణిగాడు. నీ పరీక్ష అయిపోయింది, నోర్మూసుకో అన్నాడు గాలెగో.

ఆమె మర మళ్లీ బిగించింది. చెక్కపిడి జేబులో వేసుకుంది. కాళ్లు ఎడంగా పెట్టి, ఊపిరి సగం వదిలి, రబ్బరుని తిప్పి పట్టుకుని వేలికొసతో లాగింది. తొందరపడలేదు. ఎడమకి పోతుందని తెలిసి గురి కాస్త కుడికి జరుపుకోబోయి, ఎంత జరపాలో తెలియక మానేసింది. ఆరూ కాల్చి, తుపాకీ దించింది.

గాలెగో అట్ట దగ్గరికి వెళ్లి చూసి వచ్చాడు. "బొమ్మలో ఒక్కటి కూడా లేదు."

"అన్నీ ఒకేచోట ఉన్నాయి సార్. గురి లేకపోతే అలా పడతాయా?"

"చోటు తప్పు. గీతలోపల పడినవాటికే లెక్క."

తుపాకీ, నడుంపట్టీ, ఈల అక్కడే పెట్టి వెళ్లమన్నాడు. ఎక్కడైనా తుపాకీ లేని పని ఖాళీ పడితే కబురు చేస్తామన్నాడు. ఆ కబురు అందినవాళ్లని ఆ వరసలో ఎవరూ చూడలేదు. ఆమె పట్టీ విప్పి తుపాకీ పక్కన పెట్టింది. టాక్యో ఏదో అనబోయాడు. "సాయంత్రం దుకాణానికి పెందరాళే వెళ్లు. తలుపు దగ్గర ఎవరూ లేరు," అంది.

ఇంకొక్క పని మిగిలింది. అట్టలు మళ్లీ వాడతారు కాబట్టి, ఎవరి చిల్లులకి వాళ్లే కాగితం అతికించి వెళ్లాలని అక్కడి పద్ధతి. పాసైనా తప్పినా అంతే. పక్క అట్టమీద టాక్యో అతికించిన ముక్కలు చెవి నుంచి తొడ దాకా చెదిరి ఉన్నాయి, ఒళ్లంతా గాయాలైన మనిషికి కట్లు కట్టినట్టు. మెర్లిండా గోధుమరంగు కాగితం చింపి, వేలితో జిగురు రాసి, అరచేత్తో అదిమింది. వెనక్కి తిరక్కుండా కొబ్బరితోటలోంచి రోడ్డు మీదికి వెళ్లి, వచ్చిన మొదటి జీప్నీ బండి ఎక్కింది.

ఆమె అట్టమీద, బొమ్మకి ఎడంపక్కన, గీతకి బయట, ఆరు చిల్లుల్నీ కప్పేసి ఇంకా తడి ఆరని ఒకే ఒక్క కాగితం ముక్క.